నూరో వత్తి ఆరకముందు: జపాన్ భయకథల ఆచారం, అనిమే

జపాన్ టెలివిజన్‌లో దయ్యాలు, ప్రేతాలు, వికృత రూపాలు కథావస్తువులుగా వచ్చే బొమ్మల ధారావాహికలలో, అంటే భయానక అనిమేలలో, మేలైన ఒక్క భాగాన్ని శ్రద్ధగా చూసినవారికి ఒక సంగతి త్వరలోనే తెలిసివస్తుంది. ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల ఆ నిడివిలో దయ్యం తెరమీద కనిపించే సమయం చాలా కొద్ది. మిగిలిన కాలమంతా వాన చప్పుడుతో, మూసి ఉన్న తలుపుతో, జవాబు చెప్పకుండా చూపు మరల్చుకునే మనిషి ముఖంతో గడిచిపోతుంది. అయినా ప్రేక్షకుడి గుబులు నిమిష నిమిషానికీ పెరుగుతూనే ఉంటుంది. ఈ నేర్పు అనిమే పరిశ్రమ తనంతట తాను కనిపెట్టుకున్నది కాదు. రాత్రివేళ పదిమందీ చేరి భయకథలు చెప్పుకునే ఒక పాత ఆచారంలోను, ఆ కథలను రంగస్థలానికి, కథకుల వేదికకు, వీధి బొమ్మల పెట్టెకు ఎక్కించిన వృత్తులలోను అది మూడున్నర శతాబ్దాలపాటు పదును పెట్టుకుంది. ఈ పరంపర పొడుగునా ఒకే సూత్రం కనిపిస్తుంది: వినేవాడి ముందు, చూసేవాడి ముందు ఉన్నదానిలోంచి కొంచెం కొంచెంగా తీసివేయడం. వెలుగో, చప్పుడో, కదలికో, వివరణో ఏదో ఒకటి తరుగుతూ పోతుంటే ఆ మిగిలిన ఖాళీని మనిషి తన భయంతో తానే నింపుకుంటాడు.

ఆ ఆచారం పేరు హ్యాకు మొనొగతారి కైదాన్‌కై. ‘హ్యాకు మొనొగతారి’ అంటే నూరు కథలు, ‘కైదాన్’ అంటే వింత గొలిపే భయకథ, ‘కై’ అంటే సమావేశం. ఎదో కాలంలో, అంటే తొకుగావా షోగున్లు నేటి టోక్యో అయిన ఎదో నగరం నుంచి దేశాన్ని ఏలిన 1603-1868 మధ్యకాలంలో, ఇది జపాన్‌లో బాగా వ్యాపించింది. యోధ కుటుంబాల యువకుల గుండె దిటవును పరీక్షించడానికి పుట్టిన ఆట అని కొందరు చెబుతారు. ఎలా పుట్టినా పట్టణాల్లోని వర్తకులు, చేతిపనివారు కూడా దీన్ని తమ కాలక్షేపంగా చేసుకున్నారు. అసాయి ర్యోయి అనే రచయిత 1666లో వెలువరించిన ‘ఒతోగిబోకో’ అనే కథల సంపుటంలో ఈ ఆట నియమాలు కనిపిస్తాయి. చంద్రుడు లేని రాత్రి ఆండోన్ అనే దీపం పెట్టాలి. ఆండోన్ అంటే సన్నని చట్రానికి కాగితం అతికించి లోపల నూనె వత్తి వెలిగించే గూడు దీపం. దాని కాగితం నీలిరంగుది కావాలి, లోపల నూరు వత్తులు వెలగాలి. ఒక కథ పూర్తయినప్పుడల్లా ఒక వత్తి తీసేస్తారు. కథలు సాగేకొద్దీ గది మసకబారుతుంది, నీలి వెలుగులో కూర్చున్నవారి ముఖాలు పాలిపోయి కనిపిస్తాయి, నూరో కథ ముగిసి చివరి వత్తి కూడా పోయాక నిజంగానే ఏదో ఒకటి వచ్చి తీరుతుందని నమ్మకం.

ఈ నియమంలోని శిల్పం ఎంత లోతైనదో నిదానంగా ఆలోచిస్తే తప్ప బోధపడదు. మొదటి కథ ఎంత భయంకరమైనదైనా అది వెలుగులో చెప్పే కథ. ఎనభయ్యో కథ ఎంత పేలవమైనదైనా అది చీకటి అంచున చెప్పే కథ. కాబట్టి భయం కథలో మాత్రమే లేదు, కథ ఎన్నోదన్న లెక్కలో కూడా ఉంది. ఇంకా ఎన్ని వత్తులు మిగిలాయో అక్కడున్న ప్రతివారికీ కనిపిస్తూనే ఉంటుంది. జరగబోయేది ఏమిటో తెలియదు గాని, ఎప్పుడు జరగబోతుందో మాత్రం తెలుసు. కొన్ని వర్ణనల ప్రకారం కథ చెప్పేది ఒక గదిలో, దీపాలుండేది దానికి అవతలి గదిలో. చెప్పడం ముగించినవాడు చీకట్లో తడుముకుంటూ ఒంటరిగా అక్కడిదాకా నడిచి, వత్తి ఆర్పి, అక్కడున్న అద్దంలో తన ముఖం చూసుకుని తిరిగి రావాలి. కథను కూర్చుని విన్నంతసేపూ ధైర్యంగా ఉన్నవాడు కూడా ఆ పది అడుగుల నడకలో తడబడతాడు. చాలామంది తొంభై తొమ్మిదో కథ దగ్గరే ఆట చాలించేవారు. నేటి అనిమే దర్శకుడు ఒక పాత్రను పొడవాటి వసారాలో ఏ సంగీతమూ లేకుండా నడిపించినప్పుడు చేసే పని ఈ నడకను మళ్ళీ నడిపించడమే.

ఆట ప్రాచుర్యం పొందాక దానికి పుస్తకాల మార్కెట్టు తోడైంది. 1677లో ‘షోకొకు హ్యాకు మొనొగతారి’ అనే నూరు కథల సంకలనం వచ్చింది. తరువాతి కాలంలో ‘హ్యాకు మొనొగతారి’ అన్న మాట పేరులో పెట్టుకున్న సంపుటాలు ఎన్నో అచ్చయ్యాయి, వాటిలో నిజంగా నూరు కథలున్నవి అరుదు. చిత్రకారుడు తొరియామా సెకియెన్ 1776లో మొదలుపెట్టిన భూతచిత్రాల గ్రంథమాలలోని ఒక పుస్తకంలో, నూరో కథ చివర దీపం పక్కన ప్రత్యక్షమయ్యే ‘ఆఒ ఆండోన్’ను, అంటే నీలిదీపపు స్త్రీ ప్రేతాన్ని, చిత్రించాడు. సుప్రసిద్ధ చిత్రకారుడు హొకుసాయి 1830ల తొలినాళ్ళలో ‘హ్యాకు మొనొగతారి’ పేరుతో చెక్క అచ్చు చిత్రాలు వేశాడు. పేరుకు నూరు కథలే అయినా నేటికి తెలిసినవి ఐదు చిత్రాలే.

దీపానికి సంబంధించిన మరొక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. పేద ఇళ్ళలో ఆండోన్‌కు వాడేది చౌకగా దొరికే చేపనూనె. ఆ వాసనకు పిల్లి వెనుకకాళ్ళపై నిలబడి దీపపు గిన్నెను నాకడం, ఆ దృశ్యం కాగితంపై పెద్ద నీడగా పడడం సహజమే. ‘బకెనెకో’ అనే పిల్లి భూతం గురించిన కథలు ఇలాంటి దృశ్యాల నుంచే బలపడ్డాయని జానపద విద్వాంసులు తరచు వివరిస్తారు. రెండు శతాబ్దాల తరువాత ఈ పిల్లి భూతమే అనిమే చరిత్రలో ఒక మలుపుకు కారణమైంది.

కథలు చెప్పుకునే గది నుంచి భయం రంగస్థలానికి చేరడానికి ఎండాకాలం తోడ్పడింది. కబుకి, అంటే పాటా ఆటా అభినయమూ కలిసిన ఎదో కాలపు పట్టణ నాటకం, ఎండాకాలంలో ఉక్కబోతవల్ల ప్రేక్షకులను కోల్పోయేది. పేరున్న నటులు ఆ నెలల్లో విశ్రాంతి తీసుకునేవారు. చనిపోయినవారు ఇళ్ళకు తిరిగివస్తారని నమ్మే బొన్ పండుగ కూడా ఎండాకాలంలోదే. ఒళ్ళు జలదరింపజేసి చల్లబరచే దయ్యాల నాటకాలు ఈ కారణాలన్నిటివల్లా ఆ రుతువుకు స్థిరపడ్డాయి. వీటిలో మకుటాయమానమైనది నాలుగో త్సురుయా నంబొకు రాసిన ‘తోకాయిదో యొత్సుయా కైదాన్’. 1825లో ఎదోలోని నకమురా జా నాటకశాలలో మొదటిసారి ఆడారు.

ఇందులో ఇయెమొన్ అనే ఉద్యోగం లేని సమురాయి, తన భార్య ఒఇవాను వదిలించుకుని పొరుగింటి ధనవంతుల పిల్లను చేసుకోవడానికి సిద్ధపడతాడు. ఆ పొరుగువారు బాలింతరాలైన ఒఇవాకు బలం మందు అని చెప్పి విషం పంపుతారు. ఆమె దాన్ని కృతజ్ఞతతో నమస్కరించి తాగుతుంది. ఈ నాటకంలో ప్రేక్షకులను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపరచినది దయ్యం వచ్చే ఘట్టం కాదు, ఒఇవా బతికి ఉండగానే జరిగే జుట్టు దువ్వుకునే ఘట్టం. ముఖం వికృతమైందని తెలిశాక ఆమె, తనకు ద్రోహం చేసిన పొరుగింటికి మర్యాదగా కృతజ్ఞత చెప్పి రావాలని అలంకరించుకోవడానికి కూర్చుంటుంది. దువ్వెన దిగిన ప్రతిసారీ జుట్టు గుత్తులుగా ఊడివస్తుంది, నేలమీద కుప్ప పెరుగుతుంది, పిడికిట పట్టిన జుట్టు నుంచి నెత్తురు కారుతుంది. ఇదంతా తొందర లేకుండా, దాదాపు నిశ్శబ్దంగా సాగుతుంది. అలంకరణ అనే రోజువారీ పనిని ఏమాత్రం మార్చకుండా, ఒక్కొక్క దువ్వుతో ఒక మనిషి రూపాన్ని తీసివేస్తూ పోవడమే ఇందులోని నేర్పు. నూరు వత్తుల లెక్క ఇక్కడ దువ్వెన పళ్ళకు మారింది.

నంబొకు బృందం యంత్రచాతుర్యంలోనూ తక్కువది కాదు. చనిపోయిన ఒఇవాను, హతుడైన కొహెయి అనే సేవకుణ్ణి ఒక తలుపు చెక్కకు ఇరువైపులా మేకులతో కొట్టి నీటిలో వదిలిన తరువాత, కాలువ ఒడ్డున చేపలు పడుతున్న ఇయెమొన్ ముందుకు ఆ చెక్క తేలుతూ వస్తుంది. ఒకవైపు ఒఇవా శవం, తిప్పితే రెండోవైపు కొహెయి శవం. ఆ రెండు పాత్రలనూ మూడో ఒనొయె కికుగొరో ఒక్కడే ధరించాడు. తరువాతి ప్రదర్శనల్లో వేలాడే కాగితపు లాంతరు కాలి, ఆ రంధ్రంలోంచి ప్రేతం వెలుపలికి రావడం కూడా ఈ నాటకానికి గుర్తుగా నిలిచింది. నేటికీ ఈ నాటకం ఆడబోయే నటులు ముందుగా యొత్సుయాలోని ఒఇవా ఆలయానికి వెళ్ళి మొక్కుకుని వస్తారు.

అనిమేకు కబుకి ఇచ్చిన మరో ఆస్తి శబ్దం. దయ్యం రాకను తెలపడానికి తెర చాటున పెద్ద డోలును మెత్తగా, ఎడతెగకుండా మోగిస్తారు, దానిపై వేణువు సన్నగా ఊళ వేస్తుంది. ఆ డోలు చప్పుడును ‘దొరోదొరో’ అంటారు. మంచు కురవడానికి నిజానికి చప్పుడు ఉండదు, కాని కబుకి మంచుకు కూడా గుడ్డ చుట్టిన కర్రతో మెత్తని డోలు మోత ఒకటి కల్పించింది. వినిపించని దానికి ఒక చప్పుడు కేటాయించి ప్రేక్షకుల చెవిని అలవాటు చేస్తే, వస్తువు కనబడకపోయినా అది వచ్చిందని మనసు ఒప్పుకుంటుంది. 2006లో వచ్చిన ‘హిగురాషి నొ నాకు కొరొ ని’ అనే అనిమేలో సాయంకాలపు కీచురాళ్ళ రొద చేసే పని ఈ జాతిదే; ఆ రొద వినిపించడమే పల్లెటూరి ప్రశాంతత కింద ఏదో కుళ్ళుతోందన్న సూచన అవుతుంది, అది హఠాత్తుగా ఆగిపోవడం అంతకన్నా పెద్ద సూచన అవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో భయకథ మళ్ళీ నోటి మాటకు తిరిగివచ్చింది. రకుగొ అనేది ఒక్క కథకుడు మోకాళ్ళపై కూర్చుని, చేతిలో విసనకర్ర, తుండుగుడ్డ తప్ప మరే సామగ్రీ లేకుండా, పాత్రలన్నిటి మాటలనూ తానే పలికే జపాన్ కథాకళ. దానిలో అసమాన ప్రతిభావంతుడు శాన్యుతేయి ఎంచో. 1839లో పుట్టి 1900లో మరణించాడు. తొలి రోజుల్లో ఎంచో తన కథలకు రంగుల తెరలు, వాద్యాలు, రంగస్థల అలంకరణలు వాడేవాడు, జనం విరగబడి వచ్చేవారు. పేరు శిఖరానికి చేరిన తరువాత 1870ల తొలి ఏళ్ళలో ఆ సరంజామానంతా శిష్యుడికి ఇచ్చేసి, వట్టి మాటతో మాత్రమే కథ చెప్పడానికి మారాడు. ఈ నిర్ణయం భయకథ చరిత్రలో చాలా గొప్పది. దయ్యాన్ని చూపగల సాధనాలన్నీ చేతిలో ఉన్న కళాకారుడు వాటిని వదులుకున్నాకనే తన శ్రేష్ఠమైన దశకు చేరుకున్నాడు.

ఎంచో కథల్లో ప్రసిద్ధమైన ‘కైదాన్ బొతాన్ దోరో’ 1884లో షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని అచ్చువేసిన పుస్తకంగా వచ్చి, అలా మాట్లాడే భాషలో అచ్చయిన కథలకు దారి వేసింది. ఆధునిక జపాన్ వచనంపై దాని ప్రభావం కూడా తక్కువ కాదు. షింజబురో అనే యువకుడి దగ్గరకు రాత్రివేళల్లో ఒత్సుయు అనే ప్రియురాలు దాసితో కలిసి, బొతాన్ పూల లాంతరు పట్టుకుని వస్తుంది. ఆమె చనిపోయి చాలా రోజులైంది. ఆమె రాకను కథకుడు ముందుగా చెక్క పాదరక్షల చప్పుడుతో తెలుపుతాడు. ‘కరాన్ కొరోన్’ అనే ఆ చప్పుడు దూరం నుంచి మెల్లగా దగ్గరవుతుంది, శ్రోతలు దయ్యాన్ని అడుగుల లెక్కన కొలుస్తారు. షింజబురో తలుపులకు, కిటికీలకు ఒఫుదాలు, అంటే మంత్రం రాసిన రక్షణ కాగితాలు, అంటిస్తాడు. ఒత్సుయు లోపలికి రాలేక బయటే ఏడుస్తుంది. చివరికి పొరుగువాడు ఒకడు దయ్యం ఇచ్చిన బంగారు నాణాలకు ఆశపడి ఒక కాగితాన్ని పీకేస్తాడు. ఇల్లు, దాని చుట్టూ ఒక పలుచని కాగితపు రక్ష, ఆ రక్షను లోపలినుంచే ఛేదించే మనిషి ఆశ అనే ఈ అమరిక అనిమేలో ఎన్నిసార్లు తిరిగివచ్చిందో లెక్కపెట్టడం కష్టం.

ఇదే కాలంలో, షోగున్ల తరువాత వచ్చిన మెయిజి ప్రభుత్వం పాశ్చాత్య విజ్ఞానాన్ని ఆహ్వానించింది, దయ్యాలు కనిపించడం నరాల బలహీనత అన్న వాదం ప్రబలింది, ఇనొఉయె ఎంర్యో వంటి తత్త్వవేత్తలు భూతాలపై నమ్మకాన్ని తర్కంతో ఖండించడమే పనిగా పెట్టుకున్నారు. అదే యుగం చివర జపాన్‌లో స్థిరపడిన లఫ్కాడియో హెర్న్ అనే రచయిత ‘క్వైదాన్’ పుస్తకాన్ని 1904లో ప్రకటించాడు. ఆయనకు కథలు చెప్పింది భార్య సెత్సు. దీపం తగ్గించి, పుస్తకంలో చూడకుండా ఆమె సొంత మాటల్లోనే కథ చెప్పమని భర్త కోరేవాడని ఆమె జ్ఞాపకాలు తెలుపుతున్నాయి.

బొమ్మల వైపు నుంచి నడిచిన దారి మరొకటి ఉంది, అనిమేకు దగ్గరి రక్తసంబంధం దానిదే. 1803లో ఎదోలో కమెయా తొరకు అనే కళాకారుడు ‘ఉత్సుషి ఎ’ అనే దీపచిత్ర ప్రదర్శనను ఆరంభించాడు. డచ్చి వర్తకుల ద్వారా వచ్చిన మాయాలాంతరును జపాన్‌వారు తేలికైన చెక్కతో చేసి, చేతిలో పట్టుకుని తిరిగేలా మార్చారు. కాగితపు తెర వెనుక ఇద్దరు ముగ్గురు కళాకారులు ఆ లాంతర్లతో ముందుకూ వెనక్కూ కదులుతుంటే, తెరకు ఇవతల కూర్చున్నవారికి దయ్యం పెరుగుతూ, తరుగుతూ, మాయమవుతూ కనిపించేది. తోలుబొమ్మలాట చూసిన తెలుగువారికి తెర వెనుక దీపం చేసే మాయ కొత్తది కాదు. ఇక్కడ దీపమే కదలడం మాత్రం విశేషం. ఉత్సుషి ఎ తగ్గుముఖం పట్టాక పుల్లకు అతికించిన కాగితపు బొమ్మలాటలు వచ్చాయి, వాటి నుంచి 1930 ప్రాంతంలో టోక్యో వీధుల్లో ‘కమిషిబాయి’ పుట్టింది.

కమిషిబాయి అంటే కాగితపు నాటకం. సైకిలు వెనుక చెక్కపెట్టె కట్టుకుని వచ్చే కథకుడు సందు మొదట ఆగి చిడతలు వాయిస్తాడు. పిల్లలు చేరి అతని దగ్గర మిఠాయి కొంటారు. కొన్నవారికి ముందు వరస. ఆ పెట్టె చట్రంలోంచి బొమ్మల అట్టలను ఒక్కొక్కటిగా లాగుతూ అతడు కథ చెబుతాడు. ఆర్థికమాంద్యపు రోజుల్లో వేలమంది నిరుద్యోగులకు ఇది పూట గడిపిన వృత్తి. ఇందులోని అసలు కౌశలం అట్టను లాగే చేతిలో ఉంది. ముందున్న బొమ్మను సగం లాగి ఆపితే వెనుక బొమ్మలోని ఒక చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. అక్కడ కథకుడు మాట ఆపి పిల్లల ముఖాలు చూస్తాడు. ఆ తరువాత మిగిలిన సగాన్ని చటుక్కున లాగేస్తాడు. బొమ్మ కదలదు, కదిలేది దాని అంచు ఒక్కటే. కథను ఉత్కంఠ దగ్గర ఆపి రేపటికి వాయిదా వేయడం మిఠాయి అమ్మకానికి అవసరం కాబట్టి, భాగాలుగా సాగే భయకథ అక్కడే వ్యాపారసూత్రంగా కుదురుకుంది. 1953లో జపాన్‌లో టెలివిజన్ ప్రసారాలు మొదలైనప్పుడు జనం దాన్ని ‘విద్యుత్ కమిషిబాయి’ అని పిలిచారు. ఆ పిలుపులో వృత్తికి రాబోయే చావు కూడా ఉంది. టీవీ ఇళ్ళకు చేరిన కొన్నేళ్ళకే వీధి కథకులు కనుమరుగయ్యారు.

కథలు మాత్రం పోలేదు. 1930లలో ‘హకబా కితారో’, అంటే శ్మశానపు కితారో, అనే కమిషిబాయి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో రబౌల్ వద్ద ఎడమచెయ్యి కోల్పోయి తిరిగివచ్చిన మిజుకి షిగెరు 1950లలో కమిషిబాయి బొమ్మలు వేసి బతుకుతూ ఆ పాత్రను చేపట్టాడు. 1960లో దాన్ని అద్దెపుస్తకాల దుకాణాలకు వెళ్ళే మాంగా, అంటే బొమ్మల కథగా మార్చాడు. 1968లో తోయెయి స్టూడియో దాన్ని నలుపు తెలుపు అనిమేగా తీసింది. శ్మశానం అన్న మాట పిల్లల కార్యక్రమానికి బాగుండదని పేరు ‘గెగెగె నొ కితారో’ అయింది. కితారో నడిచేటప్పుడు వినిపించే చెక్క పాదరక్షల చప్పుడు కూడా ‘కరాన్ కొరోన్’ అనే ఉంటుంది.

టీవీ అనిమేలో భయం ఇంత బాగా కుదరడానికి సాంకేతికమైన ఒక కారణాన్ని ఇక్కడ గుర్తించాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. 1963లో తెజుకా ఒసాము అనే దర్శకుడు ‘తెత్సువాన్ ఆతోము’ అనే అనిమేను వారంవారం టీవీకి అందించడం కోసం ఖర్చు తగ్గించుకోక తప్పని స్థితిలో, ఒక్కో బొమ్మను మూడు ఫ్రేములపాటు నిలిపి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో, చాలాచోట్ల అంతకన్నా తక్కువతో పని నడిపాడు, నోరు మాత్రమే కదిలే ముఖాలు, కెమెరా మాత్రమే జరిగే నిశ్చల చిత్రాలు అప్పటినుంచి టీవీ అనిమేకు అలవాటయ్యాయి. సాహసకథలకు ఈ పొదుపు లోపమే కావచ్చు. భయకథకు మాత్రం అది వరం. కదలవలసినది కదలకుండా ఉంటే చూపు దానికే అతుక్కుపోతుంది. కమిషిబాయి అట్టనుంచి వచ్చిన నిశ్చలత టీవీ బడ్జెట్టు పుణ్యమా అని మళ్ళీ భయానికి పనిముట్టయింది.

ఈ వారసత్వమంతా ఒకచోట చేరిన సందర్భం 2006, 2007 సంవత్సరాల్లో వచ్చింది. ఫుజి టీవీ 2005లో పెద్దల కోసం అర్ధరాత్రి వేళ ‘నొయితామినా’ అనే అనిమే ప్రసార విభాగాన్ని ప్రారంభించింది. అందులో 2006 జనవరి నుంచి తోయెయి తీసిన ‘అయకాషి’ మూడు కథలుగా పదకొండు భాగాల్లో వచ్చింది. మొదటిది నంబొకు యొత్సుయా కథే. మూడోది నకమురా కెంజి దర్శకత్వం వహించిన ‘బకెనెకో’, పిల్లి భూతం కథ; దాని ఆదరణ చూసి అందులోని మందులమ్మేవాడి పాత్రతో 2007 జులై నుంచి ‘మొనొనొకె’ అనే పన్నెండు భాగాల ధారావాహిక తీశారు. ఒక్క భాగంలో గుబులు ఎలా అల్లవచ్చో తెలుసుకోవాలంటే దాని మొదటి కథ ‘జషికి వరాషి’ తొలిభాగానికి మించిన ఉదాహరణ దొరకదు.

జషికి వరాషి ఈశాన్య జపాన్ పల్లెల్లో ఇంటికి సంపద తెస్తుందని నమ్మే బాలభూతం. యనగితా కునియో అనే జానపద విద్వాంసుడు 1910లో ప్రకటించిన ‘తోనొ మొనొగతారి’ ద్వారా దేశమంతటికీ పరిచయమైంది. అనిమేలో జోరువాన కురుస్తున్న వేళ షినో అనే నిండు గర్భిణి ఒక సత్రానికి వచ్చి ఆశ్రయం అడుగుతుంది. గదులు లేవంటారు, ఆమె బతిమాలగా మామూలుగా ఎవరికీ ఇవ్వని పైగదిని ఇస్తారు. ప్రేక్షకుడికి తొలి గుబులు భూతం వల్ల కలగదు, ఆ గదిని ఇవ్వడానికి సత్రపు యజమానురాలు వెనుకాడిన తీరువల్ల కలుగుతుంది. తరువాత షినోకు పిల్లల నవ్వు వినిపిస్తుంది, ఒక బాలుడు కనిపిస్తాడు, ఆమె వారిని చూసి భయపడదు. ఆమెను వెంటాడి చంపడానికి వచ్చినవాడు తానే చస్తాడు. మందులమ్మేవాడు వచ్చి గది గోడలకు ఒఫుదాలు నింపేస్తాడు; ఆ తెల్ల కాగితాలమీద గీతలు తేలి ఎర్రబారడం ద్వారానే భూతం ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. ‘బకెనెకో’లో ఇదే పనిని చిన్న త్రాసులు చేస్తాయి, అవి బరువును కాక భూతం ఉన్న దూరాన్ని కొలిచి, గంట మోగుతూ ఒకవైపుకు వాలతాయి. ఎంచో శ్రోతలు చెవితో లెక్కించిన అడుగులను ఈ ప్రేక్షకులు కంటితో లెక్కిస్తారు.

ఈ అనిమేలో చీకటి చాలా తక్కువ. తెరంతా ఎదో కాలపు అచ్చుచిత్రాల ముదురు రంగులతో, చేతికాగితపు నేతతో నిండి ఉంటుంది, సత్రంలోని ప్రతి గోడమీదా పూలూ బొమ్మలూ విరగబూసి ఉంటాయి. దీపాలు ఆర్పడమే భయానికి మార్గమైతే ఇది విఫలం కావలసింది. విఫలం కాలేదంటే కారణం, నకమురా వెలుగుకు బదులు కొనసాగింపును తీసివేశాడు. ఒక మాట పూర్తికాకముందే జారుడు తలుపు మూసుకుంటుంది, అది మళ్ళీ తెరుచుకునేసరికి వేరొక చోటు, వేరొక క్షణం. కథ కబుకి పద్ధతిలో అంకాలుగా విడిపోతుంది. ఒక చర్య మొదలు, దాని ఫలితం కనిపిస్తాయి గాని మధ్యభాగం కనిపించదు. ఆ లేని మధ్యభాగంలోనే ప్రేక్షకుడి మనసు తిరుగుతూ ఉంటుంది. వివరణ కూడా అలాగే నిలిపివేయబడింది. భూతాన్ని సంహరించడానికి మందులమ్మేవాడి కత్తి ఒరనుంచి రావాలంటే భూతపు రూపం, దాన్ని పుట్టించిన సంఘటన, ఆ సంఘటనలోని మనసు, ఈ మూడూ తెలియాలి. అవి తెలిసినవారు చెప్పడానికి ఇష్టపడని మనుషులు. అందువల్ల తొలిభాగం ముగిసేసరికి భూతం ఉందని ఖాయమవుతుంది, ఎందుకుందో మాత్రం తెలియదు. రెండోభాగంలో ఆ సత్రం ఒకప్పటి వేశ్యాగృహమనీ, అక్కడి స్త్రీల కడుపున పడ్డ పిల్లలను లోకం చూడనివ్వకుండా చంపింది ఆ గదిలోనేననీ బయటపడ్డాక, పిల్లలు షినోనే ఎందుకు చేరుకున్నారో అర్థమై, అంతవరకూ ఉన్న భయమంతా దుఃఖంగా మారిపోతుంది. పుట్టాలనుకోవడమే ఆ భూతాల నేరం.

2013లో టీవీ టోక్యోలో మొదలైన ‘యమిషిబాయి’ ఈ దారిలో మరో కొసకు వెళ్ళింది. ముసుగు తొడుక్కున్న కమిషిబాయి కథకుడు సాయంత్రం ఆటస్థలానికి వచ్చి పిల్లలను పిలవడంతో ప్రతి భాగమూ మొదలవుతుంది, ఐదు నిమిషాల లోపే ముగుస్తుంది. బొమ్మలు కత్తిరించిన కాగితాల్లా బిగుసుకుని కదులుతాయి. తొలి కథలో కొత్త అపార్టుమెంటులోకి దిగిన యువకుడికి ఒఫుదా ఒకటి కంటపడుతుంది, షింజబురో ఇంటి రక్ష కాంక్రీటు గదికి తరలివచ్చిందన్నమాట. ఈ మాలికలో కథలన్నీ ఒకే స్థాయిలో లేవు. దయ్యం ముఖాన్ని చివర పెద్దగా చూపి ఆపేసినవి తేలిపోయాయి, ఆ ముఖం కనిపించే క్షణానికి ముందే ఆగినవి నిలిచాయి.

పాశ్చాత్య ధోరణిలో ఉలికిపాటును నమ్ముకుని, సంగీతాన్ని హోరెత్తించి, ప్రతి భూతానికీ నెత్తుటి రంగు పూసే అనిమేలు ఇప్పుడు చాలానే వస్తున్నాయి. వాటికి జనాదరణ ఉండవచ్చు, కాని ఈ పరంపర విలువ వేరు. ఒఇవా, సత్రపు పైగదిలోని పిల్లలు అందరూ అన్యాయానికి గురై, ఆ అన్యాయం గురించి ఎవరూ మాట్లాడనందువల్ల తిరిగివచ్చినవారే. కథకుడు భూతాన్ని దాచడం, ఇంటివారు నేరాన్ని దాచడం ఒకే చోట కలిసినప్పుడే ఒక్క భాగం నిడివిలో అంత గుబులు సాధ్యమవుతుంది. నేరం లేని భూతాన్ని ఎంత దాచినా అది బూచి మాత్రమే అవుతుంది.

టోక్యోలోని యనకా ప్రాంతంలో జెన్‌షో ఆన్ అనే ఆలయం ఉంది. ఎంచో సమాధి అక్కడే ఉంది, ఆయన సేకరించిన దయ్యాల చిత్రపటాలు కూడా అక్కడే భద్రంగా ఉన్నాయి. వాటిని ఏటా ఆగస్టులో ప్రజలకు చూపుతారు. ఆ నెలలో టోక్యోలో ఉండే తెలుగువారు, ‘మొనొనొకె’ మొదటి రెండు భాగాలూ చూసిన తరువాత, తప్పక వెళ్ళి చూడవలసినవి అవి.